ఉద్యోగం చేస్తూ గ్రామఫోన్ మోటార్ బాగుచేసుకోవాలంటే

వారమంతా స్క్రీన్ ముందు కూర్చుని, ఎప్పటికీ తెమలని పనులు చేసేవాళ్ళకు పాత గ్రామఫోన్ మోటార్ మీద మనసు పడటం సహజమే. ఇక్కడ పని చేతికి తగులుతుంది. బాగైందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. కానీ ఆఫీసు అలవాట్లనే ఇక్కడికీ తెచ్చి, డెడ్‌లైన్ పెట్టుకుని, అలసిపోయిన రాత్రివేళ విప్పడం మొదలుపెడితే మోటార్ పాడవుతుంది, వేళ్ళు కూడా తెగుతాయి. సోమవారం పొద్దున ఆ వేళ్ళతోనే కదా పనిచేయాలి.

కొనేటప్పుడే సగం తలనొప్పి తప్పించుకోవచ్చు. నేర్చుకోవడానికి హెచ్‌ఎంవీ పోర్టబుల్ మంచిది. 1931లో వచ్చిన 102 మోడల్‌లో ఒకే స్ప్రింగు ఉంటుంది, మోటార్ అమరిక కూడా తేలిగ్గా అర్థమవుతుంది. ముంబయి, ఢిల్లీ పాత సామాన్ల బజార్లలో తళతళలాడే ఇత్తడి బూర, కుక్క బొమ్మతో అమ్మే పెట్టెల్లో చాలావరకు ఈమధ్య అతికించినవే. ఏదో పోర్టబుల్ నుంచి పీకిన అరిగిన మోటార్‌ను కొత్త చెక్కపెట్టెలో బిగిస్తారు. దాన్ని బాగుచేయడానికి పెట్టే సెలవులన్నీ దండగ.

మోటార్ పనిచేసే తీరు ఇది. కీ ఇస్తే బ్యారెల్ అనే గుండ్రటి డబ్బాలో మెయిన్ స్ప్రింగు బిగుసుకుంటుంది. అది విప్పుకుంటూ పళ్ళ చక్రాలను తిప్పుతుంది. వేగాన్ని అదుపులో ఉంచేది గవర్నర్. సన్నటి రేకు స్ప్రింగుల మీద మూడు బరువులుంటాయి. తిరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకుని ఒక బిళ్ళను లాగుతాయి, ఆ బిళ్ళ తోలు ముక్కకో ఫెల్ట్‌ ముక్కకో రాసుకుని వేగాన్ని నిలబెడుతుంది. రికార్డు పెట్టే పళ్ళెం నిమిషానికి 78 చుట్లు తిరగాలి.

చాలామంది చేసే మొదటి తప్పు, విప్పక్కర్లేనిది విప్పడం. పాట ఊగుతోందని మోటార్ మొత్తం ఊడదీస్తారు. నిజానికి ఆ తోలు ముక్క ఎండిపోయి ఉండొచ్చు. ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, గవర్నర్ ఇరుసు చివర్లకు ఇంకో చుక్క అందిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. తిరుగుతూ తిరుగుతూ లోపల దబ్ మని చప్పుడొచ్చి పళ్ళెం ఉలిక్కిపడిందంటే మాత్రం సమస్య వేరు. బ్యారెల్‌లో పాత గ్రీజు గడ్డకట్టింది. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ఒక్కసారిగా వదులుతున్నాయి. అప్పుడు బ్యారెల్ తెరవక తప్పదు.

రెండో తప్పు ఖరీదైనది. స్ప్రింగులో కీ ఉండగానే గవర్నర్ ఊడదీస్తారు. అడ్డు తొలగిన చక్రాలు ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్ళు ఊడిపోతాయి. ఆ చక్రాలు కొత్తవి దొరకడం కష్టం. అందుకే స్క్రూడ్రైవర్ తీసే ముందు బ్రేకు వదిలేసి, పళ్ళెం దానంతటది ఆగేదాకా తిరగనివ్వండి. మోటార్ ఎక్కడో ఇరుక్కుని తిరగకపోతే, కీ కాస్త తిప్పి చూడండి. బిగువుగా తగులుతోందంటే లోపల బలం అలాగే ఉంది. ఆ స్థితిలో దాన్ని తెలిసినవాళ్ళకు అప్పగించడమే తెలివి.

బలం పూర్తిగా దిగాక కూడా బ్యారెల్ ప్రమాదమే. బల్లమీద పరిస్తే పడక గది పొడవుండే ఉక్కు పట్టీని గుప్పెడంత డబ్బాలో కుక్కారు, మూత తీయగానే అది బయటికి తన్నాలనే చూస్తుంది. దళసరి తోలు గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. స్ప్రింగు ఏ దిశలో చుట్టుకుని ఉందో ముందే ఫోటో తీసుకోండి. బ్యారెల్‌ను లోతైన బకెట్‌లో పట్టుకుని, మధ్యలోంచి ఒక్కో చుట్టే, రెండో చేత్తో మిగతావి అదిమిపెడుతూ బయటికి రానివ్వండి. కిరోసిన్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, కొత్త గ్రీజు రాసి, బయటి చివరను కొక్కేనికి తగిలించి ఒక్కో చుట్టుగా లోపలికి సర్దండి. కిరోసిన్ పని వంటింట్లో వద్దు. చివర్లో విరిగిన స్ప్రింగుకు ఆ కొసను ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లారనిచ్చి కొత్త రంధ్రం వేయొచ్చు. మధ్యలో విరిగితే వెడల్పు, మందం, పొడవు, రంధ్రం ఆకారం కొలుచుకుని కొత్తది తెప్పించుకోవడమే.

వేగాన్ని పాట పాడుతుండగానే చూడాలి, సూది బరువు పడితే అది మారుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు 77 గీతల స్ట్రోబ్ కార్డు కావాలి, వేగం సరిగ్గా ఉంటే తిరుగుతున్న ఆ గీతలు నిలిచినట్టు కనిపిస్తాయి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద గీతలు నిలిచి కనిపించవు, పాత చోక్ ట్యూబ్‌లైట్ కింద బాగా కనిపిస్తాయి. కార్డు లేకపోతే రికార్డు కింద కాగితం ముక్క పెట్టి నిమిషం పాటు చుట్లు లెక్కపెట్టండి.

ఇక టైము సంగతి. రిలీజ్ ఉన్న వారం, ఆడిట్ వారం, మార్చి నెలాఖరు, వీటిలో బ్యారెల్ జోలికి వెళ్ళొద్దు. ఆ రోజుల్లో సూది బిగించే సౌండ్ బాక్స్ తుడుచుకోవచ్చు, స్క్రూలు డబ్బాల్లో సర్దుకోవచ్చు. బ్యారెల్ తెరిస్తే మూసేదాకా లేవకుండా ఉండాలి కాబట్టి, ఫోన్ మోగని శనివారం పొద్దున్నే అందుకు సరైన వేళ. ఆన్‌కాల్‌లో ఉన్నప్పుడు అసలొద్దు.

చెయ్యి తిరిగాక బంధువులు, తోటి ఉద్యోగులు తమ పెట్టెలు తెస్తారు. డబ్బు తీసుకోవాలని కూడా అనిపిస్తుంది. తప్పేం లేదు, కానీ ముందు ఆఫర్ లెటర్‌లో బయటి పనుల గురించి ఏం రాసుందో చదవండి. ప్రభుత్వోద్యోగులకైతే కాండక్ట్ రూల్స్ ఉన్నాయి, అనుమతి లేకుండా వ్యాపారం కుదరదు. మేనేజర్ పెట్టె మాత్రం ఉచితంగా కూడా ఒప్పుకోకండి. అది విరిగితే అప్రైజల్ గదిలోకి మీతోపాటే వస్తుంది. ఎవరి పెట్టె తీసుకున్నా వాళ్ళ ముందే ఫోటోలు తీసి, ఉన్న లోపాలు వాట్సాప్‌లో రాసి పంపండి. పాత ఉక్కు తీసేటప్పుడే విరగొచ్చని, విరిగితే కొత్త స్ప్రింగు ఖర్చు వాళ్ళదేనని అదే మెసేజ్‌లో చెప్పి, వాళ్ళు సరే అన్నాకే మూత తీయండి.