పోటీ పరీక్షల ప్రత్యేకం: లినక్స్‌లో వైద్య రికార్డులు

రోగి చరిత్ర, పరీక్షల ఫలితాలు, మందుల చీటీలను భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌లలో, సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, పంచుకునే హక్కు ఇచ్చేవాటిని ఓపెన్ సోర్స్ అంటారు. 2004లో మొదలైన ఓపెన్‌ఎంఆర్‌ఎస్, 2008లో లూయిస్ ఫాల్కన్ ప్రారంభించిన గ్నూ హెల్త్ వీటిలో ముఖ్యమైనవి కాగా, ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి ఆసుపత్రి అవసరాల నుంచి రూపుదిద్దుకున్న బహ్మ్ని భారతీయ అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోదగినది.

లినక్స్‌లో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను సాధారణంగా ప్యాకేజీలుగా అందిస్తారు. ప్రోగ్రామ్ ఫైళ్లను, అది నడవడానికి కావలసిన ఇతర సాఫ్ట్‌వేర్‌ల జాబితాను (దీన్నే డిపెండెన్సీలు అంటారు), ఇన్‌స్టాల్ సమయంలో నడిచే స్క్రిప్టులను ఒక్కటిగా కూర్చితే ప్యాకేజీ అవుతుంది. లినక్స్ పంపిణీలైన డెబియన్, ఉబుంటులలో ఇది డెబ్ రూపంలో, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆర్‌పీఎం రూపంలో ఉంటుంది. గ్నూ హెల్త్‌కు పైథాన్ భాష, ట్రైటన్ వేదిక, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ మూడూ అవసరం కనుక, వెర్షన్లలో ఏ ఒక్కటి పొసగకపోయినా రికార్డులు తెరుచుకోకపోవచ్చు. ఈ చిక్కును ఆసుపత్రి సిబ్బందిపై పడనీయకపోవడమే ప్యాకేజీ తయారీదారుల అసలు సేవ. వైద్య ప్యాకేజీల కోసం డెబియన్ మెడ్ ప్రాజెక్టును 2002లో ఆండ్రియాస్ టిల్లె ఆరంభించారు.

ప్యాకేజీలు సాధారణంగా ఇంటర్నెట్ నుంచే దిగుతాయి; కానీ 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూసిన ఆంధ్ర తీరంలోని దివిసీమ వంటి చోట్ల ఆసుపత్రుల్లో నెట్ తెగినా పని ఆగకూడదు. అందుకు ప్యాకేజీల నకలు భాండాగారాన్ని, అంటే మిర్రర్‌ను, మచిలీపట్నంలోనో గుడివాడలోనో స్థానిక సర్వర్‌పై ఉంచుకోవడం ఉత్తమ మార్గం. ఇక ఆరోగ్య రికార్డులను దేశవ్యాప్తంగా అనుసంధానించే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న ప్రారంభమైంది. దాని కింద వ్యక్తికి ఇచ్చే ఆరోగ్య గుర్తింపు సంఖ్య అయిన ఆభాలో 14 అంకెలుంటాయి.