వర్షాభావమున చిలగడదుంప పైరునకు ఆకులపై పిచికారి

చిలగడదుంపను రాయలసీమలో గెనుసుగడ్డ యనియు, తెలంగాణమున మోరంగడ్డ యనియు వ్యవహరింతురు. ఈ పైరు బెట్టకు తాళునను నమ్మకముచే రైతులు పలువురు దీనిని ఉపేక్షింతురు. తీగ బ్రతికియుండుట వేరు, దుంప ఊరుట వేరు.

నష్టము కలుగు విధము:- తీగలు నాటిన మొదటి 5, 6 వారములలో కొన్ని వేళ్లు దుంపలుగా మారుట కారంభించును. అప్పుడు నేల ఎండినచో ఆ వేళ్లు పీచుపట్టి పెన్సిలువలె సన్నముగా నిలిచిపోవును. పీచుపట్టిన వేరు, తరువాత ఎంత వాన కురిసినను, మంచి దుంప కాజాలదు. కావున బావిలో ఉన్న కొద్ది నీటిని ముందుగా ఈ వారములకే వినియోగింపవలెను. పిచికారి నీటికి సహాయమే గాని నీటికి బదులు కాదు.

పొటాషు పనిచేయు విధము:- ఆకులయందలి సూక్ష్మరంధ్రముల గుండ నీరు ఆవిరియై పోవుచుండును. ఆ రంధ్రములు తెరచుకొనుటకును మూసికొనుటకును పొటాషు అవసరము. ఆకులలో తయారైన చక్కెర దుంపకు చేరుటకును అదియే తోడ్పడును. నేల ఎండినపుడు భూమిలో పొటాషు ఉన్నను వేళ్లు దానిని చాలినంత గ్రహింపలేవు. అందుచే ఆకులపై చల్లుట యుక్తము.

చల్లు పద్ధతి:- పొటాషియం నైట్రేటు 10 గ్రాములను ఒక లీటరు మంచినీటిలో పూర్తిగా కరగించి వడకట్టవలెను. ఎకరమునకు 200 లీటర్లు పట్టినచో 2 కిలోలు కావలెను. ఎండ తగ్గిన సాయంకాలమున ఆకుల రెండు వైపులను తడియునట్లు చల్లవలెను. బెట్ట సాగినచో 15 దినములకు మరల ఒకసారి చల్లవచ్చును.

చల్లుటకు తగిన సమయము:- ఆకులు మధ్యాహ్నమున వాడి సాయంకాలమునకు తేరుకొనుచున్నచో అదియే తగిన అదను. ఉదయమున సైతము వాడియే ఉన్నచో మందుపై వ్యయము వృథా. ముందు ఒక తడి పెట్టి, ఆకులు తేరుకొనిన పిమ్మట చల్లవలెను.

జాగ్రత్తలు:- మందు మోతాదు మించినచో ఆకుల అంచులు మాడును. ఉప్పునీటితో కలుపరాదు. తెగుళ్ల మందులను ఇందులో చేర్చరాదు. యూరియా అధికముగా వేసినచో తీగలు బలిసి దుంపలు తగ్గును. కలుపు తీసి, ఎండుగడ్డి పరచినచో నేలతడి నిలుచును.

పరీక్ష:- మొత్తము చేనికి వ్యయము చేయుటకు పూర్వము నాలుగు సాళ్లకు చల్లి, ప్రక్కనున్న నాలుగు సాళ్లను చల్లక విడువవలెను. త్రవ్వునపుడు రెంటి దుంపలను వేరువేరుగా తూచి, అధికముగా లభించిన దుంపల వెలను మందు, కూలి ఖర్చులతో పోల్చి చూడవలెను. ఆ తూకమును బట్టియే మరుసటి సంవత్సరమున చల్లుటయో మానుటయో నిశ్చయించుకొనుట మేలు.