బరువులెత్తితే పిల్లలు ఎదగరా?

"సార్, మావోడు జిమ్ముకి పోతానంటున్నాడు. బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతారంట, నిజమేనా?" పదో తరగతి అబ్బాయి తల్లి ఒకామె నన్నడిగిన ప్రశ్న ఇది. భద్రాచలం అడవి అంచు ఊళ్లలో చాలామందికి ఈ భయం ఉంది.

కాళ్లు, చేతుల పొడవాటి ఎముకల చివర్లలో మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆడపిల్లల్లో సుమారు 14-16 ఏళ్లకు, మగపిల్లల్లో 16-18 ఏళ్లకు అది గట్టి ఎముకగా మారిపోతుంది. ఆలోగా అక్కడ గట్టి దెబ్బ తగిలితే ఎదుగుదలకు ముప్పు. అయితే శిక్షకుడి ఎదుట, సరైన పద్ధతిలో చేసే బరువుల వ్యాయామం వల్ల ఎదుగుదల దెబ్బతినదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2020లో ఇచ్చిన నివేదిక చెబుతోంది.

శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి పన్నెండేళ్ల ప్రాయంలోనే సాధన మొదలుపెట్టింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమెకు బరువులెత్తడం నేర్పింది కోచ్ నీలంశెట్టి అప్పన్న.

గురువు లేకపోతే ఏమవుతుందో కూడా చూశాను. ఎవరో దాత ఇచ్చిన సామానుతో నా విద్యార్థి ఒకడు, పద్నాలుగేళ్లవాడు, పెద్దలెవరూ లేనప్పుడు పందెం వేసి బరువెత్తాడు. మణికట్టు దగ్గర ఆ పొరే విరిగింది. ఇప్పటికీ ఆ చెయ్యి కాస్త పొట్టి.

అందుకే ఈ జాగ్రత్తలు:

1. మొదట దండాలు, బైఠక్‌లు చాలు. ఒంటి బరువే మంచి బరువు.

2. తర్వాత వరుసగా 10-15 సార్లు తేలిగ్గా ఎత్తగలిగినంతే. పందేలు వద్దు.

3. వారానికి రెండు మూడు రోజులే. మధ్యలో ఒకరోజు విశ్రాంతి.

4. పప్పు, గుడ్డు, పాలు, 8-10 గంటల నిద్ర ఉండాలి. డబ్బాల పొడులు, ఇంజెక్షన్లు వద్దు.

5. రోజా ఉన్న రోజుల్లో ఇఫ్తార్ తర్వాతే, అదీ తేలికగా.

6. కీలు దగ్గర నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి.

పిల్లల్ని నిజంగా కురచ చేసేది ఏళ్ల తరబడి చాలని తిండి, నయం చేయించని జబ్బు.

దాతలకు ఒక మనవి. ఇనుప సామాను కొనివ్వడం తేలిక, దాని మీద పేరూ రాయించుకోవచ్చు. కానీ ముందు శిక్షకుడి జీతానికి, సాయంత్రం పిల్లలు తినే గుడ్డుకు ఇవ్వండి. సామాను ఆ తర్వాత కొందాం.