విద్యాలయం – పరిశ్రమ: గచ్చిబౌలి నేర్పే పాఠం

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఏడాదే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. ప్రభుత్వం స్థలం, భవనాలు సమకూర్చింది. ఐబీఎం, ఒరాకిల్ వంటి కంపెనీలు ఆ ప్రాంగణంలోనే తమ శిక్షణా విభాగాలు నెలకొల్పాయి. తరువాత వాటి స్థానంలో భారతీయ భాషల యంత్రానువాదం వంటి సమస్యలపై పనిచేసే పరిశోధన కేంద్రాలు వచ్చాయి. 2015లో టి-హబ్ కూడా అక్కడే మొదలై, 2022లో రాయదుర్గంలోని కొత్త భవనానికి మారింది.

ఇందులో మనకొక పాఠం ఉంది. ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ నేర్పే కోర్సు ఆ సాఫ్ట్‌వేర్‌తోపాటే పాతబడుతుంది. గణితం, ప్రోగ్రామింగ్ పునాదులు, పరిశోధనా దృష్టి నిలుస్తాయి. కనుక పరిశ్రమ ఉద్యోగాలతోపాటు తన నిజమైన సమస్యలనూ తరగతి గదికి తేవాలి.

జిల్లా కళాశాలల్లో చదివే మనకు గచ్చిబౌలి దూరమే. అందుకే ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్‌లు ఇప్పించమని మన కళాశాలను మనమే అడగాలి. అడిగే నాటికి మన పునాది గట్టిగా ఉండాలి.