కేసు కోసం మంచం పట్టకు

పెదపారుపూడి,
2025 డిసెంబరు 7.

చిరంజీవి నాగరాజును మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ కోతలు సగం పైగా అయిపోయాయి, మినుము మొలక బాగానే వచ్చింది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మిల్లులో నడుం పట్టేసి అవనిగడ్డలో అత్తారింటికి వెళ్లిన దగ్గర్నుంచీ నువ్వు మంచం దిగడం లేదట. లేచి తిరుగుతుంటే ఎవడైనా ఫొటో తీస్తాడని, మిల్లువాళ్లు దాన్ని చూపిస్తే పరిహారం కేసు పోతుందని నీకెవరో నూరిపోశారట. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను. ముప్పై ఏళ్లకు పైగా మిల్లు గుమాస్తాగా చేసినవాణ్ణి. నడుం విరుచుకున్న హమాలీలను చూశాను, వాళ్ల కాగితాలూ చూశాను. ఎవరి నడుమైనా కేసు కోసం మంచాన పెడితే అది కేసు తేలేదాకా ఆగదురా. బిగుసుకుపోతుంది.

ముందు డబ్బు లెక్కే చూద్దాం, నీకు పట్టుకున్నది అదే కాబట్టి. నీకు 30 ఏళ్లు. నువ్వు ఎంత సంపాదించినా 1923 నాటి పరిహారం చట్టం నెల కూలిని 15,000 దగ్గర ఆపేస్తుంది, 2020 జనవరి నుంచి అంతే. అందులో 60 శాతం 9,000. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు, 30 ఏళ్లవాడికి ఆ అంకె 207.98. మొత్తం 18,71,820 రూపాయలు. ఇది సంపాదించే శక్తి పూర్తిగా పోయినవాడికి. నీకు 20 శాతం పోయిందని తేలిందనుకో, 3,74,364 వస్తుంది. నెలకి 15 వేల చొప్పున అది 25 నెలల కూలి. నీ ముందు ఇంకా పాతికేళ్లపైన పని ఉంది. పాతిక నెలల కూలి కోసం పాతికేళ్ల నడుమును తాకట్టు పెడతావా?

నిజంగా బరువు మోయలేని స్థితి మిగిలిపోతే అప్పుడు గట్టిగా అడుగుదాం. అడగడానికి దారి ఉంది. సినిమా హాలు పనిలో పైనుంచి పడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటారు. ఒక చెయ్యి ఉందిగా అన్నాడు యజమాని. ఒంటి చేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి వాడి సంపాదన శక్తి మొత్తం పోయినట్టేనని 1975లో కోర్టు తేల్చింది. డాక్టరు రాసే అంగవైకల్యం శాతం వేరు, పనిలో పోయిన శక్తి శాతం వేరు. బస్తా మోసేవాడికి నడుం ఎంతో, వడ్రంగికి ఆ చెయ్యి అంత. ఈ మాట వకీలుకు గుర్తు చెయ్యి. కానీ ఈ వాదన నిలబడాలంటే నువ్వు బాగుపడడానికి చెయ్యాల్సిందంతా చేశావని కనబడాలి. ఫిజియోథెరపీకి వెళ్లిన చీటీలు నీకు బలమే గాని గొడ్డలిపెట్టు కాదు.

ఇక కాగితాల సంగతి. దసరా ముందు వారం లారీలోంచి ధాన్యం దించుతుంటే నడుం కలుక్కుమని నువ్వు కూలబడ్డావు. అది జరిగిన రోజు, లారీ నంబరు, పక్కనున్న మనుషులు, ఈ మూడే కేసుకి ప్రాణం. చట్టం అడిగేది పని చేస్తుండగా, పని వల్ల జరిగిన ప్రమాదం. 'చాన్నాళ్ల నుంచి నడుంనొప్పి' అని ఓపీ చీటీ మీద పడిందంటే ఇన్సూరెన్సు వకీలు దాన్నే పట్టుకుంటాడు. నీ గుడివాడ ఆసుపత్రి చీటీ ఫొటో చూశాను, 'బరువు ఎత్తుతుండగా' అని రాసి ఉంది, అదృష్టం. అంతకుముందు కూడా అప్పుడప్పుడూ పట్టేసేది కదా, అడిగితే అదీ చెప్పు. దాస్తే తర్వాత ఎక్కడో బయటపడుతుంది, ఉన్న నిజం కూడా అబద్ధమైపోతుంది. పాత నొప్పి ఉన్నవాడికి పనిలో దెబ్బ తగలకూడదని ఎక్కడా లేదు.

మిల్లువాళ్లు నువ్వు తమ రోల్లో లేవని, ముఠా మేస్త్రి మనిషివని అన్నారట. అననీ. 1923 చట్టంలో 12వ సెక్షన్ సరిగ్గా దీనికే ఉంది. తన వ్యాపారం పనిని కంట్రాక్టరు చేత చేయిస్తే ఆ పనివాడికి పరిహారం అసలు యజమానే ఇవ్వాలి, తర్వాత కంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటాడో లేదో వాళ్లిద్దరి తంటా. రోజు కూలి అని తోసెయ్యడానికీ లేదు, 'క్యాజువల్' అన్న అడ్డు 2000లో తీసేశారు. నువ్వు ఆ రోజు అక్కడ ఉన్నావనడానికి మేస్త్రి నోటుబుక్కు చాలు. నిలువు గీతలు నాలుగు, అడ్డగీత ఒకటి, పక్కన మీ ముఠా పేర్లు. ఆ పేజీ ఫొటో తీయించు. కాటా చీటీ దొరికితే అదీ. మేస్త్రి నీకు ఫోన్‌పేలో వేసిన కూలి డబ్బుల వివరం బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది, దాన్ని మించిన సాక్ష్యం లేదు.

మిల్లు నీ పేర ఈఎస్ఐ కట్టి ఉంటే దారి వేరు. అప్పుడు పని చెయ్యలేని రోజులకు కూలిలో 90 శాతం ఈఎస్ఐ వాళ్లిస్తారు, గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం, ఈ పరిహారం చట్టం జోలికి పోవడానికి ఉండదు. నీకు ఈఎస్ఐ వాళ్లిచ్చే ఐపీ నంబరే లేదు కాబట్టి ఆ ఊసు వదిలెయ్.

మిల్లు షావుకారుకు నోటీసు ఇవ్వాలి. లాయరు భాష అక్కర్లేదు. నీ పేరు, ఊరు, ఏ రోజు, ఎలా తగిలింది, నాలుగు ముక్కల్లో రాసి స్పీడ్ పోస్టులో పంపు. క్లెయిము వెయ్యడానికి రెండేళ్ల గడువుంది గాని నోటీసు ఇప్పటికే ఆలస్యం, ఇంకో రోజు ఆగకు. డబ్బు రావాల్సిన రోజు నుంచి నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం దాకా పెనాల్టీ కూడా వెయ్యొచ్చు. షావుకారు మీద కేసేమిటి, ఇన్నేళ్లు అన్నం పెట్టాడు కదా అని మీ అమ్మ బాధ. చాలా మిల్లులకు దీనికోసం ఇన్సూరెన్సు పాలసీ ఉంటుంది, పరిహారం అందులోంచి పోతుంది. పెనాల్టీ పడితే మాత్రం అది ఆయన జేబులోంచే. కాబట్టి త్వరగా తేల్చుకోవడం ఆయనకూ మంచిదని మర్యాదగానే చెప్పొచ్చు.

ఎవడైనా వచ్చి 'ఇరవై వేలు తీసుకో, ఇక ఏమీ అడగనని సంతకం పెట్టు' అంటే పెట్టకు. పరిహారం వదులుకుంటానని పనివాడు రాసిచ్చిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు, అయినా ఆ కాగితం నిన్ను నాలుగుసార్లు తిప్పిస్తుంది. మందుల బిల్లులు, ఎమ్మారై బిల్లు అన్నీ దాచు, పనిలో తగిలిన దెబ్బకు అయిన వైద్యం ఖర్చు కూడా యజమానిదే. పని మానేసిన ఈ కాలానికి పదిహేను రోజులకోసారి నెల కూలిలో పావు వంతు, అంటే 3,750 రూపాయలు రావాలి. 28 రోజులు దాటింది కాబట్టి దెబ్బ తగిలిన రోజు నుంచే లెక్క. ఇది నువ్వు మంచం మీద ఉన్నందుకు ఇచ్చేది కాదు, బస్తా మోయలేకపోతున్నందుకు. నడిచినంత మాత్రాన పోదు.

కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయిగా అని మీ బావ అడిగాడట. నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు, నిజమే. నీకు తగిలింది అంతకు ముందు. పరిహారం బాధ్యత ప్రమాదం జరిగిన రోజునే పుడుతుందని ఆ వడ్రంగి కేసులోనే కోర్టు అంది. నీ అర్జీ మీద 1923 చట్టం పేరే వేయించు. వకీలుకు డబ్బు లేదని వెనకాడకు, బందరు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 1987 చట్టం కింద ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ, పరిశ్రమల్లో పనివాళ్లకూ ఉచితంగా వకీలును పెడతారు.

ఇప్పుడు నడుం. ఎమ్మారైలో 'ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్' అని చూసి నువ్వు సగం చచ్చిపోయావు. నొప్పి అన్నదే లేని మూడు వేల మందికి పైగా స్కాన్లు పోల్చి చూసి 2015లో ఒక లెక్క వేశారు. 30 ఏళ్లవాళ్లలో 40 శాతం మందికి డిస్కు ఉబ్బు కనబడింది. వాళ్లంతా హాయిగా తిరుగుతున్నవాళ్లే. డిస్కు నరాన్ని నొక్కి కాల్లోకి దిగిన నొప్పి కూడా ఎక్కువమందికి కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో చాలావరకు తగ్గుతుంది. తగ్గనివ్వకుండా చేసేది పడక. కండ కరుగుతుంది, భయం పెరుగుతుంది, వంగాలంటేనే ఒళ్లు బిగుస్తుంది.

ఒక్కటి మాత్రం నిర్లక్ష్యం చెయ్యకు. మూత్రం బిగిసినా, తెలియకుండా పడిపోయినా, కూర్చుంటే పీట ఆనేచోట మొద్దుబారినా, పాదం ఎత్తలేక చెప్పు జారిపోతున్నా, తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి. మిగతా నొప్పికి ఆర్ఎంపీ చేత ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు పొడిపించుకోకు. ఎదురుకాళ్లతో పుట్టినవాడి చేత నడుం మీద తన్నించుకుంటే పోతుందని మీ అత్తగారి ఊళ్లో ఎవరినో పిలిపించబోయారట! మామూలు పట్టు అయితే తన్నినా తన్నకపోయినా పోతుంది. డిస్కు జారినవాణ్ణి తంతే ఉన్న కాలు పోతుంది. దణ్ణం పెట్టి పంపించెయ్.

రేపు పొద్దున మొదలుపెట్టు. కాలువ గట్టు మీద పది నిమిషాలు నడక, సాయంత్రం ఇంకో పది. వారానికి కొంచెం పెంచు. ఆస్ట్రేలియాలో నడుంనొప్పి తగ్గినవాళ్లు 701 మందిని తీసుకుని సగం మందికి నడక నేర్పించారు, వారంలో అయిదు రోజులు అరగంట దాకా. 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నడవనివాళ్లలో నొప్పి మళ్లీ తిరగబెట్టడానికి పట్టిన కాలం 112 రోజులైతే, నడిచినవాళ్లలో 208. బెల్టు లేదు, మందు లేదు.

నడక తర్వాత చాప మీద బోర్లా పడుకో. మోచేతుల మీద ఛాతీ లేపి కాసేపు ఉండు, అలవాటయ్యాక అరచేతులు ఆనించి మొల కిందే ఉంచి పైకి లేవాలి, దిగాలి. పదిసార్లు. ఇందులో నువ్వు కనిపెట్టాల్సింది ఒకటుంది. నొప్పి పిక్కలోంచి తొడకీ, తొడలోంచి పిరుదుకీ, అక్కణ్ణుంచి నడుం మధ్యకీ ఎగబాకుతుంటే మంచిదే, నడుం దగ్గర కాస్త ఎక్కువ నొప్పి పుట్టినా సరే. బొటనవేలి వైపు కిందకు దిగుతుంటే ఆపేసి ఫిజియోను అడుగు. న్యూజిలాండ్‌లో మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు పట్టిన కిటుకిది. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు లేపడం, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి ఎడమ చెయ్యి కుడి కాలు చాచడం, మళ్లీ మార్చడం. నిద్రలేచిన గంటలోపు ముందుకు వంగకు. రాత్రంతా డిస్కు నీరు పీల్చి ఉబ్బి ఉంటుంది. హమాలీలకు తెల్లవారుజాము లోడింగులో ఎక్కువగా పట్టెయ్యడం నేను చూస్తూనే ఉండేవాణ్ణి, కారణం తర్వాతెప్పుడో తెలిసింది.

మీ అక్క చేతి సంగతి కూడా రాస్తున్నాను. పెడనలో కలంకారీ అచ్చు అద్దుతూ రోజంతా అరచేతి మడమతో కొడుతుంది, మణికట్టు వాచి రాత్రి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయట. దాని కష్టం నీకన్నా తక్కువేం కాదు, కానీ దానికి 'ఫలానా రోజు దెబ్బ తగిలింది' అని చూపించడానికి ఏమీ లేదు. చట్టం చివర్లో వృత్తి జబ్బుల పట్టీ ఉంది, సీసం, పాదరసం, సిలికా దుమ్ము అన్నీ ఉన్నాయి, కొట్టి కొట్టి అరిగిన మణికట్టు లేదు. ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు మూడు వందల ఏళ్ల కిందటే గుమాస్తాల చెయ్యి రాసి రాసి చచ్చుబడుతుందని పుస్తకంలో పెట్టాడు. ఆ గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు గుర్తుండిపోయింది. అరగంటకోసారి చెయ్యి దించి వేళ్లు చాచి మడవమను. అచ్చు వెనక గుడ్డ మడత పెట్టి కొట్టమను. రాత్రి మణికట్టు తిన్నగా ఉండేలా పట్టీ కట్టుకుని పడుకోమను. తిమ్మిరి తగ్గకపోతే నరం పరీక్ష చేయించాలి.

సంక్రాంతికి మిల్లులో ఊపిరాడదు, మేస్త్రి నీకు ఫోన్ చేస్తాడు. ఈ సీజనుకి బస్తా ఎత్తనని చెప్పు. కుదిరితే కాటా దగ్గరో, సంచులు కుట్టే దగ్గరో కూర్చోబెట్టమను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగవాడి బరువు 55 కిలోలు దాటొద్దని సిఫారసు చేసింది, మన ధాన్యం బస్తా 75. ఇంట్లో అయిదు కిలోల సంచితో మొదలుపెట్టి, తుంటి దగ్గర వంగి, బరువు పొట్టకు ఆనించి ఎత్తడం అలవాటు చేసుకో. పాతిక కిలోలు నొప్పి లేకుండా ఎత్తగలిగాక మిగతా మాట మాట్లాడదాం.

నోటీసు చిత్తు ప్రతి ఇందులోనే పెట్టాను. తేదీ, లారీ నంబరు ఖాళీ ఉంచాను, నింపి సంతకం పెట్టి పంపించు. పోస్టాఫీసుకి బండి మీద కాదు, నడిచి వెళ్లు.

ఇట్లు,
మావయ్య.