బావి నీటిలో పీఫాస్: సందేహాలు – సమాధానాలు

ఆరెంజ్ కౌంటీ (కాలిఫోర్నియా)లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పీఫాస్ అనే రసాయనం ఉందని ఇక్కడ కొన్ని మంచినీటి బావులు ఆపేశారట. కొళాయి నీళ్ళు మరగబెట్టుకుంటే సరిపోతుందా?

సరిపోదమ్మా. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ పీఫాస్ పోదు. పైగా నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని మోతాదు కాస్త పెరుగుతుంది. నాన్‌స్టిక్ పూతల తయారీలో, మరకలంటని బట్టల్లో, మంటలార్పే నురగలో వాడిన రసాయనాలివి. సహజంగా విచ్ఛిన్నం కావడం దాదాపు లేదు. మీ ప్రాంతానికి ఇవి ప్రధానంగా శాంటా ఆనా నదితో వచ్చాయి. ఎగువ ఊళ్ళు శుద్ధి చేసి వదిలిన మురుగునీరు అందులో కలుస్తుంది. ఆ నది నీటినే చెరువుల్లో నిలిపి భూమిలోకి ఇంకిస్తారు. 2020లో రాష్ట్రం హద్దులు బిగించడంతో పదుల కొద్దీ బావులు ఆగాయి. వాటి బదులు దూరం నుంచి కాలువల్లో వచ్చే ఖరీదైన నీరు కొన్నారు. మీ ఊరి నీటి సంస్థ ఏటా ఇచ్చే నాణ్యతా నివేదికలో పీఫాస్ అంకెలు చూడండి. ఇంకా భయంగా ఉంటే పీఫాస్ తగ్గిస్తుందని ధ్రువీకరణ ఉన్న ఫిల్టరు గానీ ఆర్.ఓ. గానీ పెట్టించుకోండి. కార్ట్రిడ్జి వేళకు మార్చకపోతే ఉన్నా లేనట్టే.

ఇంట్లో ఫిల్టరు ఒక్క పూటలో బిగించారు. ఊరికి పెట్టడానికి ఏళ్ళెందుకు?

మీ ఫిల్టరు ఒక్క వంటింటికి. మీ కౌంటీలోని యోర్బా లిండాలో 2021 డిసెంబరులో మొదలైన పీఫాస్ శుద్ధి కేంద్రం రోజుకు 2.5 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 9.5 కోట్ల లీటర్ల నీటిని శుద్ధి చేయగలదు. అంత పని తలపెట్టే ముందు ఏ బావిలో ఏ రకం పీఫాస్ ఎంతుందో పలుమార్లు పరీక్షించాలి. పొడవు గొలుసు రకాలు యాక్టివేటెడ్ కార్బన్‌కు బాగా అంటుకుంటాయి, పొట్టివి త్వరగా జారిపోతాయి. నీటిలోని సేంద్రియ పదార్థం కార్బన్‌పైనా, నైట్రేటు, సల్ఫేటు మరో వడపోత పదార్థమైన అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్‌పైనా చోటు కోసం పోటీపడతాయి. అందుకని కార్బన్, రెజిన్ నింపిన చిన్న గొట్టాల్లో ఆ ఊరి నీళ్ళనే నెలల తరబడి పారించి చూస్తారు. ఆరెంజ్ కౌంటీలో ఈ పరీక్షలు 2019 చివర మొదలయ్యాయి.

ఆ తర్వాత స్థలం సంగతి. కార్బన్‌తో నీరు సుమారు 10 నిమిషాలు కలిసి ఉండాలి, అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్‌కు 2, 3 నిమిషాలు చాలు. ఇళ్ళ మధ్య ఇరుకు జాగాలో ఉన్న బావికి రెజిన్ చిన్న ట్యాంకులు నప్పుతాయి. మొదటి ట్యాంకు దాటి వచ్చినదాన్ని రెండోది పట్టుకునేలా జంటగా పెడతారు. ఇవి దాటేసరికి నీటి ఒత్తిడి తగ్గుతుంది కనుక పాత పంపు కూడా మార్చాల్సి రావచ్చు. నిండిపోయిన రెజిన్‌ను ఎక్కడ వదిలించుకోవాలో, దానికెంత అవుతుందో మొదట్లోనే లెక్క వేయాలి. ఆ లెక్క మరిచిన ఊరికి అది తర్వాత నీటి బిల్లులో కనిపిస్తుంది.

హద్దులూ నిలకడగా లేవు. 2024 ఏప్రిల్‌లో అమెరికా పర్యావరణ సంస్థ పీఫాస్‌లో రెండు రకాలైన పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్‌లకు లీటరుకు 4 నానోగ్రాముల చొప్పున పరిమితి పెట్టి, 2029 దాకా గడువిచ్చింది. 2025 మేలో ఆ గడువు 2031కి జరుపుతామంది. గడువు జరిగిందని పని ఆపిన ఊరు మళ్ళీ మొదటికి రావాల్సి ఉంటుంది.

మాది నల్గొండ జిల్లా. మా బోరు నీటి ఫ్లోరైడ్‌కు ఈ కార్బన్ పనికొస్తుందా?

పనికిరాదు. మామూలు యాక్టివేటెడ్ కార్బన్ ఫ్లోరైడ్‌ను దాదాపు పట్టదు. దానికి యాక్టివేటెడ్ అల్యూమినా గానీ ఆర్.ఓ. గానీ కావాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది, దానికి మీ జిల్లా పేరే పెట్టారు. అయితే పటిక మోతాదు రోజూ సరిచూడాలి, మిగిలిన బురద పారబోయడానికి చోటు చూడాలి. ఆ శ్రద్ధ సడలినచోట అది మూలపడింది. మోతాదుల తేడా కూడా గమనించండి: ఫ్లోరైడ్‌కు మన గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంటే 15 లక్షల నానోగ్రాములు. పీఎఫ్‌ఓఏకు అమెరికా హద్దు 4. ఇంత తేడా ఉన్న రెండింటికీ ఒకే కార్బన్ ఫిల్టరు అమ్మజూపేవాణ్ణి నమ్మకండి. ముందు నీటి నమూనా ప్రయోగశాలకు పంపండి. ఇంటికి నది నీరు వస్తుంటే తాగడానికి, వంటకు అదే వాడి, బోరు నీళ్ళు మిగతా పనులకు ఉంచుకోండి.