పిడుగుల నేల మీద సోలార్: ఎర్తింగ్ తెలిసినవాళ్లకు పని

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అలాంటి ఆకాశం కిందే ఇప్పుడు డాబాల మీద సోలార్ ప్యానెళ్లు వెలుస్తున్నాయి. కోటి ఇళ్లకు సోలార్ అందించాలని 2024లో పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. ప్యానెళ్లు బిగించడం త్వరగానే వచ్చేస్తుంది. పిడుగు పడ్డ మర్నాడు కూడా ఇన్వర్టర్ పనిచేసేలా వైరింగ్ చేయడం వేరే విద్య. ఐటీఐ ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాళ్లు దాన్ని పట్టుదలగా నేర్చుకోవాలని నా సలహా.

పిడుగు ప్యానెల్ మీదే పడనక్కర్లేదు. పక్క చేలో తాటిచెట్టు మీద పడినా కేబుళ్లలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసిపడుతుంది, దీన్నే సర్జ్ అంటారు. ప్లస్ కేబుల్ ఒక వైపు, మైనస్ ఇంకో వైపు లాగితే మధ్యలో పెద్ద లూప్ ఏర్పడి ఆ దెబ్బ ఇంకా పెరుగుతుంది. రెండింటినీ జంటగా ఒకే దారిలో తెస్తే చాలావరకు తగ్గుతుంది.

ఈ కేబుళ్లు చేరే డీసీడీబీ (డీసీ డిస్ట్రిబ్యూషన్ బాక్స్) మూత తీసి చూడండి. అందులోని ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్) సర్జ్‌ను ఎర్త్‌లోకి మళ్లిస్తుంది. చాలా రకాల్లో ఓ చిన్న కిటికీ ఉంటుంది. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రబడితే కార్ట్రిడ్జ్ మార్చాలి. పచ్చగా ఉండగానే ఇన్వర్టర్ కాలిపోయిందంటే ముందు వైరు పొడవు చూడండి. సర్జ్ వచ్చిన క్షణంలో ఒక్క మీటరు వైరే సుమారు వెయ్యి వోల్టులు అదనంగా కలుపుతుంది. అందుకే ఎస్‌పీడీకి వచ్చే వైరు, అక్కణ్నుంచి ఎర్త్ బార్‌కు వెళ్లే వైరు కలిపి అర మీటరు దాటకూడదు. మిగిలిన వైరును చుట్ట చుట్టి పెట్టెలో దాచడం చూడ్డానికి బాగుంటుంది, ఇన్వర్టర్‌కు మాత్రం చేటు.

ఏసీ ఎస్‌పీడీని డీసీ వైపు పెట్టడం ఇంకా ప్రమాదం. మన ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఆర్క్ ఆరిపోతుంది. డీసీలో ఆ అవకాశం లేదు, పెట్టె అంటుకోవచ్చు. సోలార్ డీసీ కోసం చేసినదే తీసుకోండి. చలికాలం పొద్దున్నే ప్యానెళ్ల వోల్టేజీ పెరుగుతుంది, ఎస్‌పీడీ రేటింగ్ దాన్ని కూడా మించి ఉండాలి. ప్యానెళ్లకూ ఇన్వర్టర్‌కూ మధ్య కేబుల్ 10 మీటర్లు దాటితే రెండు చివర్లా ఎస్‌పీడీ పెట్టాలి.

లైట్నింగ్ అరెస్టర్‌కు, డీసీకి, ఏసీకి విడివిడిగా మూడు ఎర్త్ గుంతలు తీయడం మన దగ్గర వాడుక. గుంత తీసి వదిలేస్తే పని అయినట్టు కాదు, ఎర్త్ టెస్టర్‌తో కొలవాలి. ఎండాకాలంలో మట్టి ఆరిపోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది, అప్పుడూ ఓసారి కొలవండి. ఉరుము వినబడితే మాత్రం ఎంత పని మిగిలినా డాబా దిగిపోండి.

శిక్షణకు జాతీయ సౌరశక్తి సంస్థ నడిపే సూర్యమిత్ర కోర్సు ఉంది. పిడుగు రక్షణకు ఐఎస్/ఐఈసీ 62305, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ప్రమాణాలు తెప్పించుకుని చదవండి. వైర్‌మన్ పర్మిట్ చేతిలో ఉంటే మంచిది. ఇళ్ల సోలార్ కంపెనీలతో పాటు కర్నూలు దగ్గరి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు లాంటి చోట్ల నిర్వహణ పనులూ ఉంటాయి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు మీరు కొలిచిన ఎర్త్ రీడింగులు తేదీలతో రాసుకున్న నోటుబుక్, మీరు వైరింగ్ చేసిన డీసీడీబీ ఫొటోలు తీసుకెళ్లండి.